వాలుగ నోట్లో రెండో ముల్లు

దయ్యాలను నేను నమ్మను. ఇదంతా చదివాక కూడా నన్ను నమ్మేవాళ్ళలో కలపొద్దని ముందే మనవి చేసుకుంటున్నాను. కమలాపురంలో నాకు మోటార్లు చుట్టే షాపు ఉంది. బోరు మోటారు కాలిపోతే రైతులు తెచ్చి నా ముందు పడేస్తారు. విప్పి, మాడిపోయిన రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి ఇస్తాను. కాలిన ప్రతి మోటారుకూ ఒక కారణం ఉంటుంది. అది దొరికేదాకా నాకు అన్నం సయించదు.

ఒకసారి ఒక రైతు వచ్చి, చనిపోయిన తన తండ్రి మోటారు వేసి చేనికి నీళ్ళు పెడుతున్నాడని చెప్పాడు. అప్పటికే కోడిని కోశారు, నిమ్మకాయలు కట్టారు, షెడ్డు చుట్టూ ముగ్గు పోశారు. నేను పోయి స్టార్టరు డబ్బా విప్పితే లోపల ఒక బల్లి చచ్చి ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టి, ఇదిగో మీ నాయన అన్నాను. ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నాకు తిక్క మనిషినని పేరుంది, దానికి నేనేమీ బాధపడను.

అట్లాంటివాణ్ణి మొన్నటి ఎండాకాలంలో జరిగింది చెప్పడానికి కూర్చున్నాను. ఎక్కడా ఉప్పూకారం కలపను.

మా అక్క లక్ష్మీదేవిని కోడుమూరు దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. బావ పేరు మద్దిలేటి రెడ్డి. వాళ్ళకు పిల్లలు లేరు. వేరుశనగ, ఉల్లిగడ్డ వేసుకుని, వాన పడితే తిని పడకపోతే ఓర్చుకుని బతికే సేద్యం. ఆ సేద్యంలో ఉంటూ బావకు చేపల పిచ్చి పట్టుకుంది. మా వైపు చేప అంటే సంతలో కొనుక్కునే సరుకే. వలలు వేసేవాళ్ళ సంగతి వేరు. చేనికే నీళ్ళు లేని రైతు గాలం భుజాన వేసుకుని పోతుంటే ఊరు ఊరుకుంటుందా? రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్ళు, ఏమప్పా, బోర్లో గాని వేస్తాండావా గాలం అని ఆటపట్టించేవాళ్ళు. బావ నవ్వి పోయేవాడు. ఎంత ఎగతాళి చేసినా కోపం రాని మనిషి.

ఆయనకు కావాల్సింది మామూలు చేప కాదు, వాలుగ. తెలియనివాళ్ళకు చెప్తాను. దానికి పొలుసు ఉండదు. తెల్లగా, పొడుగ్గా, నున్నగా ఉంటుంది. నోరు కళ్ళ వెనక దాకా చీలి ఉంటుంది, లోపల సన్నటి పళ్ళు వరసలు వరసలుగా ఉంటాయి. మిగతా చేపలను తిని బతికే చేప అది. మే నెలలో శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్ళు బాగా తగ్గిపోయి, మునిగిన తుమ్మ మొద్దులూ బండలూ బయటపడే రోజుల్లో, పెద్ద పెద్ద వాలుగలన్నీ పాత నది గుంతల్లోకి చేరతాయి. చేలో పని ఉండని రోజులు కూడా అవే. ఆత్మకూరు దాటి నల్లమల అంచున ఒక చోట బావ ప్రతి ఎండాకాలం పోయి రెండు మూడు రోజులు ఉండేవాడు. నన్నూ అలవాటు చేశాడు. అక్కడ ఫోన్ పలకదు, మోటారు కాలిందని ఎవడూ పిలవడు. నాకు అంతకంటే ఏం కావాలి?

నాలుగేళ్ళ కింద మే నెలలో బావ ఒక్కడే పోయాడు. తెల్లవారి, అక్కడ చేపలు పట్టుకుని బతికే సుంకన్న దగ్గర పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, అడిగి తీసుకుని నీళ్ళ మీదికి పోయాడు. మధ్యాహ్నం కాసేపు గాలి లేచింది. సాయంత్రం పుట్టి ఒక్కటే తేలుతూ కనిపించింది. బోర్లా పడలేదు. లోపల చెప్పులు ఉన్నాయి, సగం తాగిన మజ్జిగ సీసా ఉంది. బావ లేడు, గాలం లేదు.

ఎంతమందో వెతికారు. వలలు లాగారు, ఈత వచ్చినవాళ్ళు గుంతల్లో దిగారు. గుడ్డపీలిక కూడా దొరకలేదు. మొసలి అన్నారు కొందరు. ఇంటి మీద విరక్తి పుట్టి సాధువుల్లో కలిశాడన్నారు కొందరు. ఒకడు బళ్ళారి మార్కెట్లో చూశానన్నాడు, ఇంకొకడు మహానందిలో గడ్డంతో చూశానన్నాడు. నేను రెండు చోట్లకూ పోయాను. గడ్డాలు చాలా కనిపించాయి గానీ బావ కనిపించలేదు.

అక్క ఏడవలేదు. నన్ను భయపెట్టింది అదే. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. రాత్రి పూట తలుపు దగ్గరికి వేసేది గానీ గడియ పెట్టేది కాదు. మా ఇంటికి రమ్మంటే వచ్చేది కాదు, ఆయనొచ్చేసరికి ఇంటికి తాళముంటే ఎట్లా అనేది. పెళ్ళిళ్ళకు పోదు, తిరునాళ్ళకు పోదు. ఏటేటా మనిషి తగ్గిపోతూ వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపిస్తే రోగమేమీ లేదన్నారు, తిండి లేక ఇట్లా అయిందన్నారు. ఈ ఏడు ఉగాదికి పోయినప్పుడు ఆమె జబ్బ పట్టుకుంటే నా వేళ్ళు ఒకదానికొకటి తగిలాయి. ఇంటికొచ్చి మా ఆవిడతో, బావ పోయాడో లేదో గానీ ఇట్లాగే ఉంటే అక్క పోవడం ఖాయం అన్నాను.

మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి, దాన్నే మనిషి అనుకుని చేయాల్సినవన్నీ చేసే పద్ధతి ఒకటి ఉంది. బావ వాళ్ళ అన్న ఎప్పటినుంచో చేద్దామంటున్నాడు. అక్క ఒప్పుకునేది కాదు, బతికున్న మనిషికి నిప్పు పెడతారా అని లేచి లోపలికి పోయేది. ఈ మే నెలలో ఆయనా నేనూ కూర్చుని మళ్ళీ అడిగితే మాత్రం లేచి పోలేదు. "మీకు ఎట్ల మంచిదనిపిస్తే అట్ల చేయండప్పా," అంది.

అది ఒప్పుకోవడం కాదని నాకు తెలుసు. అలిసిపోయింది, అంతే. చిన్న గాలి తగిలినా మళ్ళీ వెనక్కి పోతుంది. అందుకే ఆలస్యం చేయకుండా కార్యం చేయించే అయ్యవారితో మాట్లాడి దగ్గర్లోని అమావాస్యకు పెట్టుకున్నాం. బావ కనపడకుండా పోయిన చోటి నుంచి ఒక చెంబుడు నీళ్ళు తెమ్మన్నాడు ఆయన. తెచ్చే పని నేను తీసుకున్నాను.

రెండు రోజుల ముందు అక్క ఇంట్లో పడుకుని, వేకువనే లేచి బండి మీద బయలుదేరాను. కొట్టంలో గోడకు బావ పాత గాలం ఒకటి వేలాడుతూ ఉంటే అదీ తీసి బండికి కట్టుకున్నాను. అక్కడికి గాలం లేకుండా ఎప్పుడూ పోలేదు, అంతవరకే. అక్క అది చూసి ఇత్తడి చెంబు తెచ్చి చేతికిచ్చి, మూతికి కట్టడానికి తెల్లగుడ్డ ఇచ్చింది.

నీళ్ళు ఈసారి మరీ అడుక్కు పోయాయి. గట్టు నుంచి నీళ్ళ దాకా పగుళ్ళిచ్చిన బురద మీద చాలా దూరం నడవాల్సి వచ్చింది. దారిలో ఎండిన నత్తగుల్లలు, తెగిన వల ముక్కలు, తుమ్మ మొద్దులకు పట్టిన ఎండిన నాచు. ఆ కంపు ముక్కుకు తగలగానే నాకు బావ గుర్తొచ్చాడు. సుంకన్న ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ఆ రోజు ఖాళీ పుట్టిని ఒడ్డుకు లాగింది ఈయనే. పని ఏమిటో చెప్తే తెడ్డు తీసుకుని లేచాడు.

ఆ చోటుకు పోయి చెంబు ముంచి, గుడ్డ కట్టి, కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. అప్పటికే ఎండ ముదిరింది. గాలి లేదు, నీళ్ళ మీద అలికిడి లేదు, పిట్ట కూడా అరవడం లేదు. వచ్చిన పని అయిపోయింది, ఇక వెనక్కి తిరగడమే. సుంకన్న బుట్టలో బతికున్న చిన్న పరక చేపలు ఉంటే ఒకటి అడిగి తీసుకుని, వీపుకు గాలం ముల్లు గుచ్చి, గుంతలోకి వదిలాను.

అంత ఎండలో వాలుగ పట్టదు. పొద్దు పొడిచేటప్పుడో పొద్దు గూకేటప్పుడో పడితే పడాలి. ఆ సంగతి సుంకన్నకూ తెలుసు, నాకూ తెలుసు. కాసేపు కూర్చుని పోదామనే వేశాను. దారం బిగుసుకుంది. వాలుగ ఎర అందుకుంటే ముందు కొంచెం దూరం పోయి ఆగుతుంది, మింగాక మళ్ళీ కదులుతుంది. ఆ రెండో కదలిక వచ్చేదాకా గుంజకూడదని నాకు నేర్పింది బావే. ఆగాను. కదిలింది. గుంజాను.

పుట్టి గిర్రున తిరిగింది. గాలం వంగిపోయింది, రీలు గరగరమంటూ దారం వదులుతోంది. నా బతుకులో అంత చేప నా దారానికి పడలేదు. మామూలుగా అయితే నోటికొచ్చినట్టు అరిచేవాణ్ణి. ఆ రోజు అరుపు రాలేదు. ఇది నీకు పడాల్సింది బావా అనుకుంటూ లాగాను. కళ్ళలో చెమట దిగి మంట. చాలాసేపటికి గానీ అది పైకి రాలేదు. సుంకన్న దవడ కింద చేయి వేసి పుట్టి అంచు మీదికి తెచ్చాడు. నిలబెడితే నా నడుము దాటేంత వాలుగ. నోరు తెరుచుకుంది.

నా ముల్లు కుడి మూలన దిగి ఉంది. ఎడమ మూలన ఇంకొక ముల్లు ఉంది.

ఇందులో వింతేమీ లేదు. ఒకడి దారం తెంపుకుని పోయిన చేప ఇంకొకడికి పడడం మామూలే. కటింగ్ ప్లేయరు పెట్టి ఆ ముల్లు బయటికి తీశాను. సుంకన్న నాకంటే ముందు చూశాడు.

"ఇది మీ బావ కట్టిన ముల్లు కదప్పా," అన్నాడు.

అవునో కాదో నేను చెప్పాల్సిన పని లేదు, చూస్తేనే తెలుస్తుంది. వాలుగ పళ్ళకు దారం తెగకుండా ముల్లుకు ముందు ఇనుప తీగ కడతారు. అందరూ అంగట్లో అమ్మే తీగ కొంటారు. బావ మాత్రం బండి క్లచ్ వైరు విప్పి అందులో పోగులు వాడేవాడు. తీగను ముల్లుకు కట్టే ముడి కూడా ఆయనదే, దూడ పలుపును గూటానికి వేసే ముడి. రైతు కదా, చేతికొచ్చింది అదే. పైగా ఎడమచేతి వాటం మనిషి, చుట్లన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి. ముడి కదలకుండా పైన పట్టుదారం బిగించి చుట్టేవాడు. పట్టు నానినా సడలదనేవాడు. ఆ పట్టుదారం అక్క పాత చీరల అంచుల్లోంచి లాగేవాడు, అందుకు ఇంట్లో రోజూ తగువే. తీగ చుట్టడం నా వృత్తి. ఒక చుట్టు చూస్తే ఏ చేతిదో చెప్తాను. అది బావ చేతిదే.

బావది కావడం కూడా వింత కాదు. నాలుగేళ్ళ కింద తెగి, చేప నోట్లోనే ఉండిపోయిందనుకోవచ్చు. నేనూ ముందు అదే అనుకున్నాను. తర్వాత దాన్ని గోటితో గీకి చూశాను. తుప్పు లేదు. నీళ్ళలో ముల్లు ఒక వానాకాలం నిలవదు, ఇది అంగట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టు మెరుస్తోంది. తీగను వేళ్ళ మధ్య పెట్టి లాగితే నల్లగా గ్రీజు అంటింది. క్లచ్ వైరులోంచి తీసినప్పటి గ్రీజు. పైన చుట్టిన దారం నేరేడుపండు రంగు, ఏమాత్రం వెలిసిపోలేదు. ముడి పక్కన మిగిలిన కొస కత్తిరించిన చోట పోగులు ఇంకా విడిపోలేదు.

ఒకటి రెండు రోజుల కింద కట్టిన ముల్లు అది. ఇంకెట్లా చెప్పాలో నాకు తెలియదు.

సుంకన్న దాన్ని ముట్టుకోలేదు. చేప దవడ కింద చేయి అట్లాగే పెట్టుకుని, "దీన్ని ఇడ్సిపెట్దామప్పా. నాకు అమ్మబుద్ధి కాదు, నీకు తినబుద్ధి కాదు," అన్నాడు. నీళ్ళలోకి దించితే అది కాసేపు పుట్టి పక్కనే నిలబడి, తర్వాత కిందికి పోయింది.

ఇట్లా ముడి వేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని ఒడ్డుకొచ్చాక అడిగాను. ఎవరూ లేరన్నాడు. బావ ఎవరికైనా నేర్పాడా అంటే, నేర్పినాడు గానీ ఆ ఎడమచేతి ముడి ఎవురికీ రాలేదన్నాడు. ఈ మధ్య కొత్త మనిషి ఎవరైనా కనిపించాడా? లేదు. గుడిసె గుడిసెకూ పోయి అడిగాను. గొర్రెలు తోలుకొచ్చిన ఇద్దరిని అడిగాను. అందరూ నా మొహం జాలిగా చూశారు. ఫోన్‌లో ముల్లు ఫొటో తీశాను. ఇప్పటికీ ఉంది. ఎవరికి చూపించినా, గాలం ముల్లే కదా అంటారు.

వెనక్కి వస్తున్నంతసేపూ నా బుర్రలో ఒకటే మాట. బావ బతికి ఉన్నాడు. ఎక్కడో ఆ అడవి అంచునే ఉన్నాడు. మరుక్షణం ఇంకో మాట. బతికి ఉండి నాలుగేళ్ళు అక్కను ఇట్లా ఎండబెట్టాడా? ఆ మనిషి? కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. ఈ ముల్లు అక్కకు చూపిస్తే కార్యం ఆగిపోతుంది. ఆమె మళ్ళీ గుమ్మం దగ్గర కూర్చుంటుంది, ఈసారి చచ్చేదాకా కూర్చుంటుంది. చూపించకపోతే, ఆయన నిజంగానే బతికి ఉంటే, బతికున్న మనిషికి నా చేతులతో నేనే నిప్పు పెట్టించినవాణ్ణి అవుతాను.

దారిలో కె.సి. కాలువ వంతెన మీద బండి ఆపి ముల్లు బయటికి తీశాను. విసిరేద్దామని. కిందికి చూస్తే కాలువలో చుక్క నీళ్ళు లేవు, ఎండిన మట్టి. పడేస్తే అక్కడే మెరుస్తూ కనబడుతుంది. విసిరేయడానికి కూడా నీళ్ళు లేని సీమ మనది అని తిట్టుకుని, దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను. చెప్పకూడదనే తేల్చుకున్నాను. కార్యం అయిపోనీ, తర్వాత నేనొక్కణ్ణే వచ్చి వెతుక్కుంటాను అనుకున్నాను.

పొద్దు గూకుతుండగా ఇల్లు చేరాను. అక్క వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చెంబు తీసుకుని దేవుడి గూటి పక్కన పెట్టి వచ్చింది. మళ్ళీ కూర్చుని, గాలం వైపు చూసి, "ఏమన్నా పడిందా?" అంది.

బావ చేపలకు పోయి వచ్చినప్పుడల్లా అక్క అడిగే మాట అది. ఆ మాట ఆమె నోటి నుంచి విని నాలుగేళ్ళయింది. లేదని చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. జేబులోంచి ముల్లు తీసి ఆమె అరచేతిలో పెట్టి, ఎట్లా దొరికిందో చెప్పేశాను. చెప్తున్నంతసేపూ, అయిపోయింది, అక్కను నేనే చంపుకున్నాను అనుకుంటూనే ఉన్నాను.

అక్క ముడి చూడలేదు. తీగ చూడలేదు. దారాన్ని చూసింది. వేలితో అటూ ఇటూ రాసి, వెలుతురుకు పెట్టి చూసి, లేచి లోపలికి పోయింది. నడుముకున్న తాళంచెవితో బీరువా తీస్తున్న చప్పుడు వినిపించింది. తెల్లగుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి నా ముందు విప్పింది. కొత్త పట్టుచీర. ధర్మవరం చీర, పసుపు రంగు మీద నేరేడుపండు రంగు అంచు. మడత కూడా నలగలేదు.

"ఇదెప్పటిది?" అన్నాను.

"పోయిన శ్రావణంలో ఇంటికాడికి అమ్మేటోళ్ళు వస్తే తీసుకుంటి. ఆయనొచ్చిన పొద్దు కట్టుకుందామని. ఎవురికీ చూపీలేదు."

పోయిన శ్రావణం. బావ పోయి అప్పటికే మూడేళ్ళు దాటింది.

చీర మడతలు ఒక్కొక్కటే విప్పింది. కొంగు దగ్గర అంచులో బెత్తెడు మేర రంగు లేదు. ఎలుక కొరికింది కాదు, కొరికితే గుడ్డే పోతుంది. అడ్డపోగులు అట్లాగే వదులుగా ఉన్నాయి, నిలువు పోగులు మాత్రం లేవు, ఎవరో ఓపిగ్గా ఒక్కొక్కటే లాగేసినట్టు. ముల్లు తెచ్చి పక్కన పెట్టి చూశాను. అదే రంగు, అదే పోగు. ముల్లుకు చుట్టింది మూరెడు ఉంటుందేమో. అంచులోంచి పోయింది అంతకు ఎన్నో రెట్లు.

ఆ చీర బీరువాలోంచి బయటికి రాలేదు. తాళంచెవి అక్క నడుము వదల్లేదు. అక్కే పోగులు లాగి ఎవరికైనా ఇచ్చిందా అని కూడా అనుమానించాను, దాచడమెందుకు. కానీ ఊరు దాటని మనిషి ఎవరికిస్తుంది? ఇచ్చినా అంత దూరం పోయి ఆ ముడి వేసేదెవరు? వేసినా వాలుగ నోట్లో పెట్టేదెవరు? నేను ఆ రోజు, ఆ గుంతలో, ఆ ఎండలో గాలం వేస్తానని నాకే తెలియదు కదా.

ఇప్పుడు కార్యం వద్దంటుంది అనుకున్నాను. నేనే ముందు అన్నాను, "అక్కా, బావ బతికి ఉన్నట్టుండాడు. అమావాస్యది ఆపేద్దాం."

అక్క ఆ ఖాళీ అంచు మీద చేయి వేసి రుద్దింది. తర్వాత తల అడ్డంగా ఆడించింది.

"బతికుండే మనిషైతే నన్ను లేపకుండా పోతాడా సుధాకరా? గడియ కూడా పెట్టుకోకుండా పండుకుంటాండా. చీమ కదిల్తే లేస్తా. ఇంట్లోకొచ్చి, ఇది తీసి, ఇంత సేపు కూచోని లాగి, మళ్లీ మడత పెట్టి పోయినాడు. నాకు తెలీలేదు. నన్ను లేపలేకపోయినాడు, అంతే." చీర మళ్ళీ మడత పెడుతూ అంది. "ఆయన లేడులేప్పా. కార్యం చేయండి."

నాలుగేళ్ళు మేమంతా కూర్చుని చెప్పి ఒప్పించలేని మాట అది. బతికున్నాడని నేను తెచ్చిన సాక్ష్యం చూసి ఆమె అనింది.

అమావాస్య నాడు ఊరి దగ్గరి నది ఒడ్డున, ఇసుకలో దర్భల బొమ్మను పడుకోబెట్టారు. నేను తెచ్చిన నీళ్ళు చల్లారు. ఆడవాళ్ళు దూరంగా ఉండాలన్నారు, అక్క వినలేదు. చంకలో మూటతో నేరుగా వచ్చి బొమ్మ పక్కన కూర్చుంది. ఆ పట్టుచీర తీసి, పూర్తిగా విప్పి, బొమ్మకు తల నుంచి కాళ్ళ దాకా కప్పింది. ముల్లును కొంగు మడతలో పెట్టింది. కొత్త చీర కాల్చడమేందమ్మా, ఎవురికన్నా ఇస్తే పుణ్యమొస్తాది కదా అన్నాడు బావ వాళ్ళ అన్న.

"ఆయనదే అది. పోగు పోగుకూ అంత దూరం నుంచి వస్తాండాడు పాపం. అంతా ఒకేసారి తీసుకుపోనీ, ఇంక తిరగలేడు," అంది అక్క.

నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. నేను చెప్పలేదు కూడా.

అదెట్లా జరిగిందో నాకు తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా ఒక చోట ఆగిపోతున్నాను. చేపల గురించి బాగా తెలిసినవాళ్ళను అడిగాను, పట్టు నేసేవాళ్ళను అడిగాను. వాళ్ళు చెప్పేవేవీ మొత్తం విషయానికి అతకవు. దయ్యమని మాత్రం నేను అనను. మా బావను ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

నిప్పు అంటుకుని చీర అంచు ముడుచుకుంటుంటే అక్క ఒక్కసారిగా గొంతెత్తి ఏడ్చింది. నాలుగేళ్ళలో మొదటిసారి. భర్త ఆ పొద్దే చనిపోయినట్టు, ఇసుకలో పడి, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఒడ్డున బట్టలు ఉతుక్కుంటున్న ఆడవాళ్ళు పని ఆపి వచ్చి, ఎప్పుడు పోయినాడమ్మా అని నన్ను అడిగారు.

ఈ పొద్దే అన్నాను.